ఒథెల్లో మొదటి అంకం వెర్డీ ఎందుకు తీసేశాడు?

బరంపురం కుర్రాడు:
ఎమ్మేలో మాకు షేక్‌స్పియర్ ఒథెల్లో ఉంది. రెండుసార్లు చదివాక మొన్న దాని మీద సంగీతకర్త వెర్డీ చేసిన ఇటాలియన్ ఒపేరా (మాటలన్నీ పాటగా సాగే నాటకం) ‘ఒటెల్లో’ సబ్‌టైటిల్స్‌తో మొత్తం చూశాను. తెర లేవగానే తుఫాను, సైప్రస్ రేవు. వెనిస్‌లో జరిగే మొదటి అంకం లేనే లేదు! నాకు ప్రాణమైన సీను అందులోనే ఉంది: సభలో పెద్దలందరి ముందు ఒథెల్లో నిలబడి, నేనేం మందు పెట్టలేదు, నా కష్టాల కథలు విని డెస్డిమోనా నన్ను ప్రేమించింది అని చెప్పుకునేది. ఆ మనిషి ఎంతటివాడో తెలియకుండా అతని పతనం చూస్తే ఏం బాధ కలుగుతుంది? మా నాన్నగారు పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తారు, అడిగితే “పాట ఉన్నచోట మాట తగ్గాలిరా” అన్నారు. నాకది సరిపోలేదు.

పర్లాకిమిడి మాస్టారు:
నాన్నగారు చెప్పింది నిజమే బాబూ. 3 వేల పైచిలుకు లైన్ల నాటకం, అదంతా పాడితే తెల్లారిపోతుంది. అయితే ఒపేరాకి మాటలు రాసిన బోయిటో నీ సీనుని పారెయ్యలేదు. ఒపేరా మొదటి అంకం చివర ఒథెల్లో, డెస్డిమోనాల యుగళగీతం మళ్లీ విను. గొడవ సద్దుమణిగి అందరూ వెళ్లిపోయాక ముందు ఒక్క చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాద్యం), తర్వాత నాలుగు చెల్లోలు మెత్తగా మొదలవుతాయి. నా కష్టాలు చూసి నువ్వు నన్ను ప్రేమించావు, నీ జాలి చూసి నేను నిన్ను ప్రేమించాను అని అతను అంటాడు, అదే ఆమె తిప్పి అంటుంది. సభలో చెప్పుకున్న మాటే అది, ఇక్కడ వినేవాళ్లు లేరు, ఇద్దరే. 1887 ఫిబ్రవరి 5న మిలాన్‌లో తొలిసారి ఆడినప్పుడు ఆ చెల్లోల వరసలో 19 ఏళ్ల టోస్కానినీ కూర్చున్నాడు, తర్వాత వాద్యబృందాలని నడిపించే అంత పెద్ద కండక్టర్ అయినవాడు.

రాయగడ నుంచి:
మొదటి అంకం పోయినందుకు నాకు బాధ లేదు, ఒథెల్లో మీద కుట్ర పన్నే ఇయాగోకి ‘క్రెడో’ (‘నమ్ముతాను’ అనే పాట) పెట్టినందుకే బాధ. నన్ను తనలాగే పుట్టించిన క్రూరమైన దేవుణ్ణి నమ్ముతాను అని పాడతాడు, అది షేక్‌స్పియర్‌లో లేదు. నాటకంలో వాడు పూటకో కారణం చెప్తాడు, ఏదీ చాలదు, చివర పట్టుబడ్డాక ఇక నోరు విప్పనంటాడు. నన్ను భయపెట్టేది ఆ మౌనం.

జయపురం పంతులమ్మ:
అన్నా, హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో మనం ఎదురుచూసే జాషువా పద్యాలు ఆ నాటకం రాసిన బలిజేపల్లి వారు రాసినవా? ‘శ్మశానవాటి’ నుంచి తెచ్చి పాడారు, ఇప్పుడవి లేకుండా హరిశ్చంద్ర ఆడితే జనం ఊరుకుంటారా? చేర్చడం తప్పు కాదు, అతకాలి అంతే. షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో భార్య డెస్డిమోనాని చంపే ముందు, ఈ రాత్రి ప్రార్థన చేసుకున్నావా అని అడుగుతాడు కదా, ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని బోయిటో ఆమెకి ‘ఆవే మరియా’ అనే మేరీమాత ప్రార్థన రాశాడు. మొదట ఒకే స్వరం మీద జపంలా గొణుగుతుంది. ఆమె పడుకున్నాక డబుల్ బాస్‌లు (చెల్లోకన్నా పెద్ద, లోతైన స్వరం వాద్యాలు) ఒక్కటే, అట్టడుగు నుంచి వినపడతాయి, అతను గుమ్మంలో ఉంటాడు. నాకు చేతులు చల్లబడ్డాయి.

బరంపురం కుర్రాడు:
మాస్టారూ, రాత్రే మళ్లీ విన్నాను. యుగళగీతం చివర అతను ముద్దు అడిగినప్పుడు వచ్చే సంగీతమే చచ్చిపోయేటప్పుడు మళ్లీ వస్తుంది, మొదటిసారి నేను పట్టుకోలేదు. ఆ చోటు నాన్నగారికి వినిపించాను, రెండుసార్లు విని హార్మోనియం మీద పట్టేశారు. చివరి అంకం ఆయనకింకా చూపించలేదు, ఆదివారం చూపిస్తాను.