చర్చ: జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం సెక్షన్ ఉండాలా, వద్దా?

చెరువుగట్టు:
మా అమ్మాయికి ఎనిమిదో తరగతి తెలుగు మీడియం అడిగితే సెక్షనే లేదన్నారు. వీలైనంతవరకు మాతృభాషలోనే చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఉంది. ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి చేస్తూ 2019లో ఇచ్చిన జీవోలు 81, 85ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. మరి మా సెక్షన్ ఏమైంది?

మధ్యబెంచీ:
ఇంగ్లిష్ మీడియం 2019లో ఊడిపడలేదండీ. ఉమ్మడి రాష్ట్రంలో సక్సెస్ స్కూళ్లు (ఇంగ్లిష్ మీడియం సెక్షన్ ఉన్న సర్కారు హైస్కూళ్లు) పెట్టినప్పుడే ఆరో తరగతి నుంచి మొదలైంది. నేను పది దాకా తెలుగు మీడియం. వడికీ వేగానికీ తేడా నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. ఇంటర్‌లో స్పీడ్, వెలాసిటీ అంటుంటే ఏది ఏదో తెలియక నెలంతా తల దించుకుని కూర్చున్నా.

పాతచాక్‌పీసు:
ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారుగా. ఇంకేం కావాలి?

చెరువుగట్టు:
ఆ పుస్తకమే చూశా. నిన్న రాత్రి తెలుగు పేజీ చదివి, ఆకు ఎండతో ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో మా అమ్మాయి చక్కగా చెప్పింది. ఇంగ్లిష్‌లో రాయమంటే రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఇక ఎదురు పేజీ బట్టీ మొదలు.

మధ్యబెంచీ:
'కిరణజన్య సంయోగక్రియ' మాత్రం మీ ఇంట్లో మాట్లాడుకునే మాటా? అదీ బట్టీయే.

చెరువుగట్టు:
నేను పదం గురించి అనట్లేదు, వాక్యం గురించి అంటున్నా!

మధ్యబెంచీ:
తెలుగు తెలుగు అని గుండెలు బాదుకునేవాళ్ల పిల్లలంతా కార్పొరేట్ బడుల్లోనే ఉంటారు.

చెరువుగట్టు:
నా కూతురు ఆ సర్కారు బడిలోనే చదువుతోంది. మాట జాగ్రత్త. ఇంగ్లిష్ తీసేయమని నేనెక్కడ అన్నాను? రెండూ ఉంచమన్నా.

పాతచాక్‌పీసు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

మధ్యబెంచీ:
తప్పుగా అన్నా, క్షమించండి. కానీ ఆ 'రెండూ' అంటేనే నాకు భయం. మా బడిలో రెండు సెక్షన్లు పెట్టినప్పుడు మార్కులొచ్చేవాళ్లను ఇంగ్లిష్‌లో వేశారు. మా తమ్ముణ్ణీ, కూలికెళ్లేవాళ్ల పిల్లల్నీ తెలుగులో వేశారు. లెక్కల సారు ఆ గదికి వారానికి రెండు రోజులే వచ్చేవారు. వాడు పది తప్పాడు. మీరు అడిగే సెక్షన్ నా కళ్లకు ఆ గదిలాగే కనిపిస్తుంది.

చెరువుగట్టు:
ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. తెలుగు ఎవరికి కావాలో చేతులెత్తమని క్లాసులో అడిగితే ఒక్కరూ ఎత్తలేదట. మా అమ్మాయి కూడా ఎత్తలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. సోమవారం హెడ్మాస్టరు గారిని వేరే గది అడగను. అదే గదిలో, అదే ప్రశ్నకు తెలుగులో జవాబు రాసినా మార్కులు వేయమని అడుగుతా. దానికైనా ఒప్పుకుంటారా మీరు?

మధ్యబెంచీ:
దానికైతే నేనూ సంతకం పెడతా.