చదరంగంలో తెల్ల ఈ4 వేస్తే నల్లతో ఏం ఆడించాలి?

పర్లాకిమిడి నుంచి: మా బాబుకు పన్నెండేళ్లు. సిసిలియన్ (ఈ4కి సీ5తో జవాబు) బట్టీ పట్టాడు. అవతలివాళ్లు దారి మారిస్తే ఆరో ఎత్తుకే తికమక. ఏం చేద్దామండీ?

రాయగడ: సిసిలియన్‌కి ఇప్పుడే తొందరేముంది? కారో-కాన్ పట్టించండి: ఈ4 సీ6, డీ4 డీ5. తెల్ల ఈ5 తోస్తే నల్ల బిషప్ ఎఫ్5. తెల్ల హెచ్4 వేస్తే హెచ్5 వెయ్యాలి. అలవాటుగా ఈ6 అన్నాడో, జీ4, ఎఫ్3, హెచ్5 వరసగా తోసి బిషప్‌ని పట్టేస్తారు.

గుణుపురం: తెల్ల మూడో ఎత్తు గుర్రం సీ3 అయితే ఇంకో ఉచ్చుంది. ఈ4లో బంట్లు మారాక నల్ల గుర్రం డీ7, తెల్ల మంత్రి (క్వీన్) ఈ2. ఇక్కడ జీ8 గుర్రాన్ని ఎఫ్6కి తెస్తే డీ6లో తెల్ల గుర్రంతో ఆటకట్టే! ఈ7 బంటు కదిలితే ఈ2 మంత్రి నుంచి రాజుకి షా (చెక్), అందుకే కొట్టలేదు. డీ7 గుర్రాన్నే ఎఫ్6కి తేవాలి.

రాయగడ: అవును, అదీ నేర్పాలి. లిచెస్ అనే చెస్ సైటులో స్టడీ పెట్టి, అందులో ప్రతి ఎత్తు పక్కనా కారణం ఒక్క ముక్క రాయించండి. ఓడిన ఆటలో దారి తప్పినచోట ఒక్క కొమ్మే (వేరే ఎత్తుల దారి) చేర్చండి, పది కాదు.