పాత టీవీ గేముల రూమ్ పెడతన్నా, రికార్డింగ్ ఎట్ట చెయ్యాలన్నా?

మైపాడు_మారియో
అన్నలూ ఒక సలహా కావాల. వేదాయపాళెంలో మా మేడ మీద రూము ఖాళీగా ఉండాది, చిన్నప్పటి టీవీ గేములన్నీ ఆడ పెట్టి ఆడుతూ రికార్డు చేసి తెలుగులో వీడియోలు పెడదామని ఆశ. ఉండేవి ఒక చైనా టీవీ గేమ్ బాక్సు, 9999999 ఇన్ 1 క్యాసెట్టుతో కలిపి కొన్ని పసుప్పచ్చ క్యాసెట్లు, డక్ హంట్ గన్ను, మా మామ కువైట్ నుంచి తెచ్చిన పీఎస్2 (ప్లేస్టేషన్ 2), పాత డబ్బా టీవీ. సెల్లుతో టీవీని తీస్తే నల్ల చారలు పరిగెత్తతన్నాయి. సరే అని గేము బొమ్మని లాప్‌టాప్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ తెప్పిస్తే ఇంకో తలనొప్పి, కాంట్రాలో చచ్చి మళ్ళీ దిగినప్పుడు మనోడు మినుకుమినుకుమంటాడు గదా, వీడియోలో ఆ కాసేపు మనిషే కనపడ్డంలా. కింద హాల్లో ఎల్ఈడీ టీవీకి పెడితే గన్నుతో ఒక్క బాతు కూడా పడదు. నింటెండో వాళ్ళ జపాన్ ఒరిజినల్ గేమ్ బాక్సు ఫామికామ్ కొంటే ఇవన్నీ సెట్టవుతాయా?

ఒంగోలు_ఏవీ_కేబుల్
ముందు ఆ ఫామికామ్ ఆలోచన పక్కన పెట్టు తమ్ముడూ. 1983లో జపాన్ వాళ్ళ కోసం చేసింది, వాళ్ళ 100 వోల్టుల కరెంటు, వాళ్ళ ఎన్‌టీఎస్‌సీ టీవీ సిగ్నల్, ఏవీ పిన్నే ఉండదు, యాంటెన్నా వైరులో జపాన్ చానెళ్ళ మీద బొమ్మ వస్తాది, మన టీవీలో పట్టుకోవాలంటే చుక్కలు కనపడతాయి. మనం ఆడిందంతా దాని కాపీలే, క్యాసెట్టు కూడా అదే 60 పిన్నులది, కాబట్టి నీ చైనా బాక్సే బంగారం. ఫామికామ్‌కి అమెరికా రూపమైన ఎన్ఈఎస్ క్యాసెట్లు మాత్రం కొనబాక, అవి 72 పిన్నులు, దూరను కూడా దూరవు.

ఇంక కాంట్రా సంగతి. మన బాక్సులు పాల్, అంటే మన టీవీల సిగ్నల్ పద్ధతి, సెకనుకి 50 ఫ్రేములు. ఆ మినుకులు చానా గేముల్లో ఒక ఫ్రేములో బొమ్మ ఉంచి తర్వాతి ఫ్రేములో తీసేసి చేస్తారు, నువ్వు 25లోనో 30లోనో రికార్డు చేస్తే బొమ్మ ఉండే ఫ్రేములన్నీ ఎగిరిపోతాయి. లాప్‌టాప్‌లో రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ సెట్టింగుల్లో 50 పెట్టు, క్యాప్చర్ సోర్సు మీద రైట్ క్లిక్ కొట్టి డీఇంటర్లేసింగ్‌లో యాడిఫ్ టూఎక్స్ పెట్టు. చవక కార్డులు ఈ పాత గేముల సిగ్నల్‌ని మామూలు టీవీ ప్రోగ్రాం అనుకుని రెండు ఫ్రేముల్ని కలిపేస్తాయి, అసలు గోల అదే.

ఇంకోటి, లాప్‌టాప్‌లో చూస్తా ఆడబాక, బొమ్మ లేటుగా వస్తాది, దూకే చోట దూకలేవు. కరెంటుతో పనిచేసే ఏవీ స్ప్లిట్టర్ తీసుకుని ఒక వైరు డబ్బా టీవీకి, ఇంకోటి క్యాప్చర్‌కి ఇచ్చి టీవీలో చూస్తా ఆడు. ఉత్త వై కేబులు వేశావంటే రెండు వైపులా బొమ్మ మబ్బుగా అయిపోద్ది. టీవీనే చూపించాలంటే సెల్లులో ప్రో మోడ్ తెరిచి షట్టర్ 1/50 పెట్టు, చారలు ఆగిపోతాయి, మన ట్యూబులైట్లు కూడా 50 హెర్ట్జే గదా, వాటి గోల కూడా ఉండదు.

గన్ను నొక్కంగానే టీవీ ఒక్క క్షణం నల్లగా అయ్యి బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వస్తది, గన్నులో సెన్సరు ఆ వెలుతురు చూసి తగిలిందంటది. ఎల్ఈడీలో ఆ డబ్బా వచ్చేలోపు దాని టైమైపోద్ది. దానికి డబ్బా టీవీ తప్ప మందు లేదు.

గూడూరు_గేమర్
పైనన్న చెప్పింది కరెక్టు. ఇంకో డబ్బా టీవీ ఇప్పుడే తీసి పెట్టుకో, పాత సామాన్ల వాళ్ళు తూకానికి కొనుక్కుపోతన్నారు. టీవీ చెడిపోతే మెకానిక్కుకి ఇవ్వు, వెనక మూత నువ్వు తియ్యబాక, పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులు, ప్లగ్గు పీకినా నిలవుంటాయి. కొనాలనుకుంటే పొద్దున పినాకిని రైలు ఎక్కి మద్రాసు పో, రిచీ స్ట్రీట్‌లో కేబుళ్ళు, స్ప్లిట్టర్లు తిరిగి చూడు, పీఎస్2 సీడీలకి బర్మా బజార్ కూడా ఒక రౌండెయ్యి. పీఎస్2కి కాంపొనెంట్ కేబులు దొరికితే వదలబాక, పసుపు వైరుకీ దానికీ బొమ్మలో తేడా నీకే తెలుస్తాది. క్యాసెట్లు ఊదబాక, ఎంగిలి తడికి పిన్నులు చిలుము పడతాయి, సెల్లు రిపేరు షాపుల్లో దొరికే ఐపీఏని (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఇయర్ బడ్డుకి అద్ది తుడువు, నల్లగా దిగతది చూడు. మీకు మైపాడు గాలి తగుల్తాది గదా, మూత గట్టిగా పడే డబ్బాల్లో సిలికా జెల్ వేసి పెట్టు.

కావలి_కుర్రోడు
ఇంత తంటా ఎందుకు బ్రో, లాప్‌టాప్‌లో పాత గేములు ఆడించే సాఫ్ట్‌వేర్ ఎమ్యులేటర్ వేస్తే అన్నీ ఆడొచ్చు, రికార్డింగ్ ఒక్క బటన్.

ఒంగోలు_ఏవీ_కేబుల్
ఆడ్డానికైతే నువ్వన్నది నిజమే, నేనూ బస్సులో సెల్లులో అట్టానే ఆడతా. కానీ ఆయన రూము పెడతా అంటుంటే లాప్‌టాప్ చాలంటావేంది. ఆ గన్ను పట్టుకుని టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చునేది ఎమ్యులేటర్‌లో యాడ దొరుకుద్ది?

మైపాడు_మారియో
థాంక్సన్నా, 50 పెట్టంగానే కాంట్రావోడు కనపడ్డాడు! ఇంకొక్కటి. ఫ్యాన్ ఆపితే ఈ ఎండల్లో మేడ మీద కూర్చోలేం, వేస్తే మైకులో హోరు. పైగా ఉత్త గోడలు, మాట గంగాళంలో మాట్లాడినట్టు వస్తాది.

గూడూరు_గేమర్
గేమ్ సౌండు వైరులోనే వస్తాది, దానికి ఫ్యాన్‌తో పన్లా. నీ మాట మాత్రం కాలర్ మైకు నోటికి దగ్గరగా పెట్టి ఓబీఎస్‌లో నాయిస్ సప్రెషన్ వెయ్యి, అయినా హోరు పోకపోతే ఆడేటప్పుడు గమ్మునుండి తర్వాత కింద రూములో చెప్పి కలుపుకో. గోడకి ఇంట్లో పాత బొంతలుంటే తగిలించు. అమ్మనడిగి తీసుకో మళ్ళా.