రాయగడలో మా ఫ్యాక్టరీ: ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపడకుండా చూడటం ఎలా?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడలో ఓ ఫ్యాక్టరీలో నాలుగు నెలలుగా కంప్లయెన్స్ పని (చట్టాలు, నిబంధనలు పాటించేలా చూడటం) చూస్తున్నాను. బ్యాంకు అప్పు 50 కోట్లు దాటింది కాబట్టి, 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్, దాని నిబంధనల ప్రకారం ఫిర్యాదుదారుకు రక్షణనిచ్చే విజిల్ మెకానిజం (vigil mechanism, అంటే తప్పులు జరిగితే భయం లేకుండా చెప్పుకునే ఏర్పాటు) ఉండాలి. కాగితం మీద ఉంది. ఫిర్యాదుల పెట్టె మాత్రం టైమ్ ఆఫీసు (హాజరు వేసే చోటు) గుమ్మం పక్కన, సూపర్‌వైజర్ కళ్లెదుటే పెట్టారు. ఒక్క చీటీ పడలేదు.

తప్పులు జరక్క కాదు. లారీల తూకం దగ్గర మామూళ్లు అడుగుతున్నారని ఓ హమాలీ నాతో చెప్పి, "నా పేరెత్తకండి బాబూ, పని పోద్ది" అని చేతులు పట్టుకున్నాడు. అది నన్ను వదలడం లేదు.

నియమావళేమో ఇంగ్లీషులో ఉంది. మావాళ్లు మాట్లాడేది తెలుగు, ఒడియా, కువి (ఇక్కడి గిరిజన భాష); చదవలేనివాళ్లే ఎక్కువ. ఆడియో చేయించి వినిపిద్దామనుకుంటున్నా.

ఫిర్యాదుల ఫోన్ లైన్ బయటివాళ్లకు అప్పగిస్తే నమ్మి మాట్లాడతారా? ఫిర్యాదు చేసినవాళ్లమీద కూలీల కాంట్రాక్టర్ కక్ష కట్టకుండా మీరేం చేశారు? అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊళ్లలో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.