బాపు నవ్వుతున్నాడు, కానీ ఆయనకు నవ్వు రావట్లేదు

మట్టెవాడ బిడ్డ అడిగిన ప్రశ్న:

మా బాపు ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో 30 ఏళ్లు గుమస్తాగా చేశాడు. పత్తి, మిర్చి బస్తాల లెక్కంతా నోటి మీదే. మనిషి చాలా తక్కువ నవ్వేవాడు. ఎంత సంతోషమైనా పెదవి చివర కొంచెం కదిలేది, అంతే.

8 నెలల కింద పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తున్నాడు. కానీ రెండు నెలల నుంచి ఉన్నట్టుండి నవ్వుతున్నాడు. కరెంటు బిల్లు గురించి మాట్లాడుతుంటే నవ్వు, అమ్మ కాలు జారి పడితే నవ్వు. మొదలైతే నిమిషం దాకా ఆగదు. ముఖం ఎర్రబడుతుంది, కళ్లల్లో నీళ్లు కారతాయి.

పోయిన నెల నర్సంపేటలో మా మేనత్త భర్త దినాలు. అందరూ ఏడుస్తుంటే బాపు ఫొటో ముందు కూర్చుని గట్టిగా నవ్వాడు. అత్తమ్మ "నా ఇంటాయన పోతే నవ్వుతడా" అని లేచి లోపలికి పోయింది. అప్పటి నుంచి ఫోన్ ఎత్తట్లేదు. ఆయన సొంత అక్క ఆమె, చిన్నప్పుడు ఎత్తుకుని పెంచింది.

తిరిగి వచ్చేటప్పుడు బాపు కుడి చేత్తో నా మణికట్టు పట్టుకుని మెల్లగా అన్నాడు: "నాకు నవ్వు రాలే బిడ్డా. నోరే నవ్వింది." ఆ మాట నన్ను నిద్రపోనివ్వట్లేదు. మనిషికి నవ్వు రాకుండా నోరు ఎట్లా నవ్వుతుంది? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి. అత్తమ్మకు ఏమని చెప్పాలి?

హనుమకొండ ఫిజియో:

అమ్మా, మీ బాపు అన్నది అక్షరాలా నిజం. నేను 14 ఏళ్లుగా పక్షవాతం వచ్చినవాళ్లకు ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఈ నవ్వును, ఇట్లాగే వచ్చే ఏడుపును చాలామందిలో చూశాను. డాక్టర్లు దీన్ని సూడోబల్బార్ అఫెక్ట్ అంటారు. ఏడుపు ఎక్కువగా కనిపిస్తుంది, నవ్వు కొంచెం తక్కువ.

ముఖానికి మెదడు నుంచి రెండు దారులున్నాయి. మనం కావాలని నవ్వేది ఒక దారి, అది మెదడు పైపొర నుంచి వస్తుంది. దానంతట అదే పొంగే నవ్వు వేరే దారి, అది లోపలి పాత భాగాల నుంచి వస్తుంది. పైభాగం, చిన్నమెదడు కలిసి ఆ లోపలి నవ్వును ఎప్పుడు వదలాలి, ఎంత వదలాలి అని అదుపు చేస్తుంటాయి. ఆ అదుపు తీగలు పక్షవాతంలో దెబ్బతింటే చిన్న కదలిక చాలు, నవ్వు బయటికి దూకుతుంది. లోపల బాధ ఉన్నా ముఖం నవ్వుతుంది.

ఇంట్లోనే ఒకటి చూడండి. "బాపూ, పళ్లు చూపించు" అని అడగండి. ఎడమ మూతి సరిగ్గా లేవకపోవచ్చు. తర్వాత ఏ మనవడో అల్లరి చేసినప్పుడు చూడండి. చాలామందికి అప్పుడు రెండు వైపులా లేస్తుంది. అదే మూతి, అవే కండరాలు, దారి వేరు.

న్యూరాలజిస్ట్‌కు తప్పకుండా చూపించండి. డిప్రెషన్‌కు వాడే మందుల్లో కొన్నింటిని దీనికి తక్కువ మోతాదులో ఇస్తారు, చాలామందికి తగ్గుతుంది. మీరుగా ఏదీ వేయకండి.

కాజీపేట లెక్చరర్:

పై జవాబుకు ఒక్కటి కలుపుతాను, మీ అత్తమ్మ కోపం గురించి. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త షాపుల్లో, రోడ్ల మీద జనం నవ్విన 1,200 సందర్భాలు రాసుకున్నాడు. వాటిలో జోకు లాంటి మాటకు వచ్చిన నవ్వు 20 శాతం కూడా లేదు. మిగతాదంతా "సరే, మళ్లీ కలుద్దాం" లాంటి మామూలు మాటల తర్వాత వచ్చిందే. ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో 30 రెట్లు ఎక్కువగా నవ్వుతామని కూడా ఆయన తేల్చాడు.

అంటే నవ్వు మొదటి నుంచీ ఎదుటివాళ్లకు చెప్పే మాట. నేను నీతో ఉన్నాను అని, లేదా నిన్ను లెక్కచేయను అని. అందుకే మీ అత్తమ్మ చెవికి అది తమ్ముడు అన్న మాటలాగే వినిపించింది. ఆమె తప్పు లేదు. ఆ మాట ఆయన అనలేదని ఆమెకు కళ్లారా చూపించాలి, ఫోన్లో చెబితే సరిపోదు.

జనగామ నుంచి:

మా అమ్మకు ఇదే, కాకపోతే ఏడుపు. మేము చేసినది చెప్తాను. ఇంటికి ఎవరొచ్చినా గడప దగ్గరే "అమ్మ ఏడిస్తే కంగారు పడొద్దు, తుమ్ము వచ్చినట్టు వస్తది, పోతది" అని చెప్పేవాళ్లం. ఏడుపు మొదలవుతుందనగానే అమ్మను మెల్లగా ఊపిరి వదలమని, కూర్చున్న తీరు మార్చుకోమని చెప్పేవాళ్లం. "ఆపు, ఆపు" అని మాత్రం అనకండి, టెన్షన్‌తో ఇంకా పెరుగుతుంది. మందు మొదలుపెట్టాక రోజుకు పదిసార్లు వచ్చేది వారానికి ఒకటి రెండుసార్లకు వచ్చింది.

మట్టెవాడ బిడ్డ:

అందరికీ చేతులెత్తి దండం. పళ్లు చూపించమంటే కుడి వైపు మాత్రమే లేచింది. సాయంత్రం మా చిన్నోడు తాత కళ్లజోడు పెట్టుకుని కర్ర పట్టుకుని నడిచాడు. బాపు మూతి రెండు వైపులా లేచింది! రెండూ ఫోన్లో తీశాను.

ఆదివారం నేనొక్కదాన్నే నర్సంపేట పోయాను. అత్తమ్మ మాట్లాడలేదు, కానీ వీడియో రెండుసార్లు చూసింది. రెండోసారి బాపు మూతి దగ్గర వేలు పెట్టి ఆపి చూసింది. బాపు నాతో అన్న మాట చెప్పాను. చాలాసేపు వాకిట్లో తులసి గద్దె వైపు చూస్తూ కూర్చుంది.

నిన్న పొద్దున బస్సెక్కి వచ్చింది. ఆమెను చూడగానే బాపుకు మళ్లీ నవ్వు మొదలైంది. అమ్మ భయపడి లేచింది. అత్తమ్మ పక్కన కూర్చుని, కొంగుతో ఆయన కళ్లు తుడుస్తూ, "మెల్లగ ఊపిరి వదులు తమ్మీ" అంది. నవ్వు ఆగాక నన్ను అడిగింది, డాక్టర్ దగ్గరికి ఏ రోజు పోవాలని. గురువారం అన్నాను. అప్పటిదాకా ఉంటా అని బ్యాగు లోపల పెట్టింది.