ఆఫీసులో సువార్త చెప్పబోతే "ముందు ఆ బగ్ క్లోజ్ చెయ్ అన్నా" అన్నాడు

నాగోల్_మెట్రో:
అందరికీ వందనాలు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తా, ఆరేళ్లయింది. పోయిన నెల మా పాస్టర్ గారు కొలొస్సయులకు 3:23 మీద వాక్యం చెప్పారు, "మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" అని, చివర్లో ఈ వారం ఒక్కరికైనా సువార్త చెప్తామన్నవాళ్లు చేతులెత్తండి అంటే నేనూ ఎత్తా.

సోమవారం లంచ్‌లో మా టీమ్ డెవలపర్ తమ్ముడి పక్కన కూర్చుని మొదలుపెట్టా. పప్పన్నం కలుపుకుంటూ రెండు నిమిషాలు విన్నాడు, విని "అన్నా అదంతా తర్వాత, శుక్రవారం రీటెస్ట్ చేస్తానన్న బగ్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది, పైవాళ్ల నుంచి నాకు ఎస్కలేషన్ వచ్చింది, ముందు ఆ బగ్ క్లోజ్ చెయ్" అన్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగానే. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నాకు ముద్ద దిగలేదు.

ఇంకో నిజం కూడా చెప్పేస్తా, ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు కాబట్టి. వర్క్ ఫ్రం హోమ్ రోజుల్లో టీమ్స్‌లో పనిలో ఉన్నట్టు చూపించే గ్రీన్ డాట్ పోకుండా మధ్యమధ్యలో మౌస్ కదిపి మళ్లీ పడుకుంటా. ఐదు గంటలు చేసి టైమ్‌షీట్‌లో తొమ్మిది వేస్తా. అందరూ వేస్తారనుకోండి. ఇలాంటోడు నోరు మూసుకుని కూర్చోవాలా, లేక వెళ్లి చెప్పమని యేసు అన్నాడు కదా అని చెప్తూనే ఉండాలా?

మల్కాజ్‌గిరి_ఆంటీ:
నాన్నా, ఆ పిల్లాడు నీకు మేలే చేశాడు, బాధపడకు. నేను ముప్పై ఏళ్లు నర్సు డ్యూటీ చేసి రిటైరయ్యా. కొత్తలో నేనూ బ్యాగ్ నిండా కరపత్రాలు పెట్టుకుని వార్డులో పంచేదాన్ని. ఒకరోజు రాత్రి రెండింటికి ఒక ముసలమ్మ బెల్ కొట్టింది, పక్క తడిసిపోయిందని, నేనేమో వస్తున్నా వస్తున్నా అంటూ ఇరవై నిమిషాలు చేశా. పొద్దున ఆమె తలగడ కింద నేనిచ్చిన కరపత్రం అలాగే ఉంది, మడత కూడా విప్పలేదు. అది చూశాక సిగ్గేసింది.

రెండో రాజులు 5 చదువు. నయమాను ఇంట్లో చెరపట్టి తెచ్చిన చిన్న పిల్ల, పేరు కూడా రాయలేదు. అది చెప్పింది ఒక్క మాటే, షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి పోతే మా అయ్యగారి కుష్ఠు నయమవుతుందని. ఆ ఒక్క మాట నమ్మి అంత పెద్ద సైన్యాధిపతి బయల్దేరాడు. రోజూ గిన్నెలు ఎగ్గొట్టి తిరిగే పిల్లయితే దాని మాట ఎవడు నమ్మేవాడు? (ఇది నా ఊహే, బైబిల్లో లేదు.)

బోరబండ_బిడ్డ:
అన్నా 23 చదివినవ్, దాని మీదున్న 22 చదివినవా? "కంటికి కనబడవలెనని కాక" అని ఉంటది. నీ గ్రీన్ డాట్ గదే కదనే. గని ఒక ముచ్చట, గా మాట పౌలు దాసులకు రాసింది. దాన్ని పట్టుకొని పద్నాలుగు గంటలు పని చేయించుకుంటే కుదరది, 4:1ల యజమానులకు కూడా న్యాయంగ చెయ్యమని రాసిండు, అది మాత్రం ఏ మేనేజర్ కోట్ చెయ్యడు.

మాది మెదక్ దిక్కు. 1924ల తెరిచిన పెద్ద చర్చి కట్టించిన మిషనరీ పోస్నెట్ దొర కరువుల జనానికి ఒట్టి మాట చెప్పలే, కట్టుడు పని ఇచ్చి కూడు పెట్టిండు. ఇగ టైమ్‌షీట్ సంగతి అంటే, బైబిల్ల పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగ తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తా అన్నడు, నువ్వు నాలుగు గంటలు తగ్గించి రాయలేవా?

చెట్టుకింద_చాయ్:
నేను చర్చికి పోయేవాణ్ని కాదు, శనివారం శనివారం వెంకన్న గుడికి పోతా, ఈ టాపిక్ కనిపించి ఆగా. మా ఆఫీసులో ఇద్దరు క్రిస్టియన్స్ ఉండేవాళ్లు. ఒకతను పొద్దున్నే టీమ్ గ్రూప్‌లో వాక్యం పెట్టేవాడు, గ్రూప్ మ్యూట్ చేశాం. ఇంకో ఆయన, మా నాన్నకి బైపాస్ అయినప్పుడు మూడు రోజులు నా పని కూడా తనే చేసి రాత్రి ఫ్లాస్కులో చాయ్ పట్టుకొచ్చి ఐసీయూ బయట కూర్చునేవాడు. వెళ్లేముందు "ప్రార్థన చేయొచ్చా" అనడిగి అర నిమిషం చేశాడు, అంతే. కొన్ని నెలలకి నేనే అడిగా, మీ వాళ్లు ఏం నమ్ముతారు అని. లూకా సువార్త ఇచ్చాడు, సగం చదివా. మారలేదు, కానీ ఆయన ఏం చెప్పినా వింటా.

అమీర్‌పేట్_అన్న:
1 పేతురు 3:15లో "అడుగు ప్రతివానికిని" సమాధానం చెప్పమని ఉంది, పై తమ్ముడు చెప్పింది అదే. కానీ అడిగేదాకా అందరం నోరు కట్టుకుంటే ఎలా? అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు, రథంలో లేఖనం చదువుకుంటూ పోతున్న ఐతియోపీయుడి దగ్గరికి పరుగెత్తి తనే ముందు పలకరించాడు, అదీ ప్రసంగం కాదు, "చదువుతున్నది అర్థమవుతోందా" అని ఒక ప్రశ్న. కొలొస్సయులకు 4:6లో సంభాషణ "ఉప్పు వేసినట్టు" ఉండాలన్నాడు, ఉప్పు డబ్బా బోర్లించినట్టు అనలేదు. నువ్వు సోమవారం డబ్బా బోర్లించావు తమ్ముడూ.

నాగోల్_మెట్రో:
అందరికీ థ్యాంక్స్, ఆంటీ ముసలమ్మ సంగతి చదివి చాలాసేపు కూర్చుండిపోయా. బగ్ నిన్న రాత్రి పదకొండింటికి రీటెస్ట్ చేసి క్లోజ్ చేశా, లేటైనందుకు తప్పు నాదేనని మెయిల్‌లో లీడ్‌కి కూడా రాశా. డెవలపర్ తమ్ముడు థంబ్స్ అప్ పెట్టాడు, అంతకుమించి ఏం లేదు. టైమ్‌షీట్‌లో ఈ వారం ఉన్నదే వేశా, ముప్పై రెండు గంటలొచ్చింది. సోమవారం పొద్దున లీడ్ పిలుస్తాడు, కడుపులో తిప్పుతోంది.

మల్కాజ్‌గిరి_ఆంటీ:
పిలిచాక ఏమన్నాడో రాయి నాన్నా. టిఫిన్ తినే వెళ్లు.