మూడేళ్ల లాలో పేపర్లు తగ్గించుకోవచ్చా? కావలి నుంచి నెల్లూరుకు రోజూ తిరగాలి

కావలి, మొదటి సెమిస్టర్:

అందరికీ నమస్కారం. లాసెట్ కౌన్సెలింగ్‌లో నాకు నెల్లూరులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ సీటు వచ్చింది. మాది కావలి. నాన్నకు ఒంట్లో బాగుండటం లేదు, సాయంత్రం నుంచి కొట్టు నేనే చూసుకోవాలి. రోజూ రైల్లో పోయి రావాలి. సిలబస్ పుస్తకంలో సెమిస్టర్‌కు అయిదు పేపర్లు, ఒక్కో పేపర్‌కు ఇన్ని క్రెడిట్లు అని ఉంది. అమెరికాలో ఉన్న మా బావ, "ఇక్కడ తక్కువ క్రెడిట్లు తీసుకుని పార్ట్‌టైమ్‌గా లా చదివేవాళ్లున్నారు. నువ్వు కూడా మూడు పేపర్లతో మొదలుపెట్టు, మిగతావి తర్వాత చూసుకోవచ్చు" అంటున్నాడు. ఇక్కడ అలా కుదురుతుందా? ఎంఏ దూరవిద్యలో ఒక సంవత్సరం అయింది, రెండోది కూడా రాసుకోవచ్చా? ఇంటర్న్‌షిప్ కావలిలోనే చేయొచ్చా? ఫీజు కట్టేశాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

నెల్లూరు, న్యాయవాది:

తమ్ముడూ, పేపర్లు తగ్గించుకోవడం మన దగ్గర కుదరదు. మీ బావ చెప్పింది అక్కడి పద్ధతి. ఇక్కడ లా చదువు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్యా నియమాల ప్రకారం నడుస్తుంది. మూడేళ్ల కోర్సులో తప్పనిసరి సబ్జెక్టులు 20, క్లినికల్ పేపర్లు (చేసి నేర్చుకునే ప్రాక్టికల్ పేపర్లు) 4, ఆప్షనల్స్ కనీసం 6 ఉంటాయి. మొత్తం 30 పేపర్లు, 6 సెమిస్టర్లు. అందుకే నీ పుస్తకంలో సెమిస్టర్‌కు అయిదు కనిపిస్తున్నాయి. ఏ సెమిస్టర్‌లో ఏ పేపరో విశ్వవిద్యాలయం ముందే నిర్ణయిస్తుంది, మనం ఏరుకోవడానికి లేదు. మధ్యలో చేరడం, మధ్యలో సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోవడం కూడా ఆ నియమాల్లో లేవు.

క్రెడిట్ల గురించి బుర్ర పాడుచేసుకోకు. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) లెక్కలో వారానికి ఒక గంట పాఠం సెమిస్టర్ పొడవునా జరిగితే ఒక క్రెడిట్. నాలుగు క్రెడిట్ల పేపర్ అంటే వారానికి నాలుగు గంటలు. మార్కుల మెమోలో ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ గ్రేడ్ల సగటు, కట్టేటప్పుడు ఒక్కో పేపర్‌లో వచ్చిన గ్రేడ్ పాయింటును దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తారు. క్రెడిట్లు ఎక్కువున్న పేపర్‌లో మార్కులు తగ్గితే సగటు ఎక్కువగా పడిపోతుంది. దాని పని అంతవరకే.

నీకు అసలు భారం గంటల దగ్గర ఉంది. మూడేళ్ల కోర్సులో సెమిస్టర్‌కు కనీసం 15 వారాలు, వారానికి కనీసం 30 గంటలు క్లాసులు జరగాలి. అందులో 24 గంటలు పాఠాలే ఉండాలి. మిగతావి ట్యుటోరియల్స్, మూట్ కోర్టు (ఉత్తుత్తి కోర్టులో వాదించే సాధన), సెమినార్లు. అంటే సెమిస్టర్‌కు 450 గంటలు. హాజరు 70 శాతం ఉండాలి, అదీ ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టు విడిగా. ఈ "విడిగా" అన్న మాట మొదటి సంవత్సరంలో నాకు ఎవరూ చెప్పలేదు.

నేను గూడూరు నుంచి వచ్చేదాన్ని. నేనెక్కే బండి దిగి, ఆటో పట్టుకుని కాలేజీకి చేరేసరికి వారానికి రెండు మూడు రోజులు మొదటి పీరియడ్ అయిపోయేది. మిగతా క్లాసుల్లో చాలావరకు కూర్చునేదాన్ని కాబట్టి హాజరు బాగానే ఉందనుకున్నాను. మొత్తం మీద చూస్తే బాగానే ఉంది కూడా, 78 శాతం. కానీ ఆ మొదటి పీరియడ్ ఎప్పుడూ కాంట్రాక్ట్సే. అందులో 61 శాతం వచ్చింది. ప్రత్యేక కారణం ఉంటే ప్రిన్సిపల్ మినహాయింపు ఇవ్వొచ్చు, కాకపోతే ఆ సబ్జెక్టులో కనీసం 65, అన్నీ కలిపి 70 శాతం ఉండాలి. నాకు 65 లేదు. ఆ ఒక్క పేపర్ రాయనివ్వలేదు. రాత్రంతా ఏడ్చాను తమ్ముడూ. పరీక్ష తప్పితే బ్యాక్‌లాగ్ రాసుకోవచ్చు. పోయిన క్లాసును మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు.

అందుకని టైమ్‌టేబుల్ చేతికి రాగానే నువ్వు చేయాల్సింది ఒకటే. మొదటి పీరియడ్, చివరి పీరియడ్ ఏ సబ్జెక్టులవో చూసుకో. ఒక పేపర్‌కు సెమిస్టర్‌లో 72 క్లాసులు జరిగాయనుకుందాం. నువ్వు 51 క్లాసుల్లో ఉండాలి, 21 మించి పోకూడదు. వారానికి రెండు పోగొట్టుకుంటే 15 వారాల్లో 30 పోతాయి. బండి అరగంట లేటయినా మొదటి క్లాసు అందేలా ముందు బండి చూసుకో. కుదరకపోతే వారంలో నాలుగు రోజులు నెల్లూరులోనే గది తీసుకుని ఉండు. ఖర్చే, కానీ ఒక సంవత్సరం పోవడం కంటే తక్కువ.

దూరవిద్య ఎంఏ రాసుకోవచ్చు. ఎల్‌ఎల్‌బీతో పాటు ఇంకో రెగ్యులర్ కోర్సు చేయకూడదు. విశ్వవిద్యాలయ దూరవిద్యా కేంద్రం నడిపే కోర్సుకు ఆరో నియమంలో మినహాయింపు ఉంది. పరీక్ష తేదీలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకో.

ఒంగోలు, చివరి సంవత్సరం:

అక్క హాజరు గురించి చెప్పింది, నేను ఇంటర్న్‌షిప్ గురించి చెప్తాను. మూడేళ్ల కోర్సుకు మొత్తం 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు చేయాలి. ఒక సంవత్సరంలో వరుసగా నాలుగు వారాలకు మించి చేస్తే కుదరదు. కాబట్టి చివర్లో ఒకేసారి లాగించేద్దాం అనుకోవద్దు, నా క్లాసులో ముగ్గురు అలాగే ఇరుక్కున్నారు. ఏటా సెలవుల్లో నాలుగు వారాల చొప్పున చేస్తే మూడేళ్లకు సరిగ్గా సరిపోతుంది. కావలిలో సివిల్, క్రిమినల్ రెండూ చూసే సీనియర్ దగ్గర చేరండి. అయితే ట్రయల్ చూసే అడ్వకేట్ దగ్గరే కాదు, అప్పీళ్లు వాదించే అడ్వకేట్ దగ్గర కూడా ఒక్కసారైనా చేసి ఉండాలి. అందుకు నెల్లూరు జిల్లా కోర్టు అడ్వకేట్లను అడగొచ్చు.

మూట్ కోర్టు పేపర్‌ను కూడా తేలిగ్గా తీసుకోకండి. మూట్ కోర్టుకు 30, ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ చూసి రాసే రికార్డుకు 30, క్లయింటుతో సీనియర్ మాట్లాడే తీరు, కేసు కాగితాలు తయారుచేసే తీరు చూసి రాసే డైరీకి 30, వైవాకు 10. విచారణ అంటే ఒక్క వాయిదాకు వెళ్లి వచ్చేయడం కాదు. చీఫ్ (సాక్షిని పిలిచినవాళ్ల లాయరు అడిగే ప్రశ్నలు), క్రాస్ (ఎదుటి లాయరు అడిగే ప్రశ్నలు), వాదనలు కనిపించేదాకా వెంటపడాలి. దానికి నెలలు పడుతుంది.

కందుకూరు, సచివాలయ ఉద్యోగి:

నాదీ ఇదే బాధ అండీ. రోజంతా ఆఫీసు. రాత్రి క్లాసులు చెప్పే లా కాలేజీ ఏదైనా ఉంటుందా?

నెల్లూరు, న్యాయవాది:

లేదండీ. నియమాల ప్రకారం క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. ఇంకో సంగతి, 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ కాలేజీలకు ఒక సర్క్యులర్ పంపింది. చదువుతూ ఉద్యోగం చేసేవాళ్లు ఆ విషయం చెప్పాలి, యజమాని నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. బయోమెట్రిక్ హాజరు పెట్టాలని కూడా అందులో ఉంది. "కాలేజీకి రాకపోయినా హాజరు వేయిస్తాం" అని ఎవరైనా చెప్తే దయచేసి నమ్మకండి. చెప్పినవాడికి ఏమీ కాదు, డిగ్రీ ఇరుక్కునేది మీది. సెలవు పెట్టుకునే వీలుందేమో ముందు ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, తర్వాతే ఫీజు కట్టండి.

కావలి, మొదటి సెమిస్టర్:

అక్కా, టైమ్‌టేబుల్ ఈరోజే ఇచ్చారు. మొదటి పీరియడ్ నాలుగు రోజులు కాన్‌స్టిట్యూషన్. ముందు బండికే పోతాను, కొట్టు ఉదయం అమ్మ తెరుస్తానంది. ఒంగోలు అన్నా, ఇంటర్న్‌షిప్ డైరీలో సంతకం ఏ రోజుది ఆ రోజే పెట్టించుకోవాలా?

ఒంగోలు, చివరి సంవత్సరం:

ఏ రోజుది ఆ రోజే పెట్టించుకో తమ్ముడూ. తేదీ, కేసు నంబరు, ఏ కోర్టు హాలు, ఏ దశలో ఉంది, నువ్వు చూసింది ఏమిటి, అయిదారు వాక్యాలు సాయంత్రం బండిలోనే రాసెయ్. క్లయింటు పేరు మాత్రం రాయకు.